మొదటి గింజ నాయనమ్మదే

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు కింద, కార్లు పెట్టుకునే చోట కుర్చీలు వేసి మీటింగ్ పెట్టారు. వంటింటి చెత్తతో ఎరువు చేసుకోవడం నేర్పుతారట. నేను రానన్నాను. మోకాళ్లు నొప్పులన్నాను. లిఫ్టు ఉంది కదా ఆంటీ అన్నారు. లిఫ్టు కనిపెట్టినవాడు ముసలివాళ్లకి సాకు అనేది లేకుండా చేశాడు. వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

నేర్పడానికి వచ్చిన పిల్ల చలాకీగా ఉంది. నీలం డ్రమ్ముకి చిల్లులు పెట్టి తెచ్చింది. ఒక పొర ఎండుటాకులు, ఒక పొర కూరగాయ తొక్కలు, మధ్యలో పుల్లమజ్జిగ. వాసన రాదు, పురుగు పట్టదు అని ప్రతి రెండో మాటకీ చెప్పింది. వాసన రాని పెంట ఏం పెంటో నాకైతే తెలియదు. అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. అంతలో ముందు వరసలో ఎవరో అడిగారు, "మేడమ్, ఇందులో బూడిద వేయొచ్చా?" అని. "కొంచెం వేయొచ్చండీ, మంచిదే" అంది ఆ పిల్ల.

ఏ బూడిదమ్మా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఆవేళ అంత ఓపిక లేకపోయింది. ఇవాళ కూడా పెద్దగా లేదు. కానీ ఆ సంగతి తెలిసినవాళ్లలో మిగిలింది నేనూ, మా తమ్ముడూ. వాడికి తన కళ్లజోడు ఎక్కడ పెట్టాడో కూడా గుర్తుండదు.

మా నాయన మణుగూరు బొగ్గు గనిలో పనిచేసేవాడు. కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. ముందు ఒక గది, వెనక ఒక గది, దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక దొడ్డి. దొడ్డి అనడమే గానీ, నులకమంచం అడ్డంగా వేస్తే కాళ్లు మురుగుకాలవ మీదికి వెళ్లేవి. గనిలో తీసిపోసిన రాతిమన్నుతో నేల చదును చేసి ఆ వరస ఇళ్లు కట్టారు, మేం లైను అనేవాళ్లం. పార వేస్తే ఠంగుమనేది. తుమ్మమొక్క కూడా బతకడానికి మొహమాటపడే నేల అది. ఆరేసిన బట్టల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా నల్లటి నుసి పడేది. పండగకి కొన్న తెల్లగౌను రెండో ఉతుకుకే బూడిదరంగు తిరిగిందని నేను ఏడ్చిన ఏడుపు లైనంతా విన్నారు.

పొయ్యి బొగ్గు పొయ్యి. పనివాళ్లకి బొగ్గు ఊరికే వచ్చేది. సాయంత్రం అయ్యేసరికి లైనులో ఆడవాళ్లంతా పొయ్యిలు వాకిట్లోకి తెచ్చి అంటించేవాళ్లు. పొగ తగ్గి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తీసుకెళ్లడం. అప్పటిదాకా కళ్లు మండుతూ, ముక్కులు తుడుచుకుంటూ అందరూ గడపల్లో కబుర్లాడేవాళ్లు. గంధకం కలిసినట్టుండే ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది. స్నానాల నీళ్లకి మాత్రం అడవి కట్టెలు. మా అమ్మకి బొగ్గు మీద కాచిన నీళ్లు పోసుకుంటే ఒళ్లు దురద పెడుతుందని ఒక నమ్మకం.

మా నాయనమ్మ ఊళ్లో ఉండేది. ఆ ఊరి కిందే బొగ్గు ఉందని తేలింది. పొలాలు ముందు పోయాయి, తర్వాత ఇళ్లు. జనం ఒక్కొక్కరే కొడుకుల దగ్గరికీ, అల్లుళ్ల దగ్గరికీ, బూర్గంపాడు వైపూ సర్దుకున్నారు. కరెంటు తీసేశారు. నాయనమ్మ మాత్రం కదలలేదు. మా నాయన ఎన్నిసార్లు వెళ్లినా, "ఆడికొచ్చి ఏం జెయ్యాల్రా? బజార్ల కొన్న కూర నాకు గొంతు దిగదు" అనేది. నిజంగానే దిగదు. జన్మలో కూరగాయ కొని తిన్న మనిషి కాదు.

ఆవిడకి ఊళ్లో ఒక పేరుండేది. చేతివాసి మంచిదని. ఎవరింట్లో పాదు పెట్టుకున్నా, మిరప నారు పోసుకున్నా, మొదటి గింజ ఆవిడ చేత వేయించేవాళ్లు. ఆవిడ కాళ్లు కడుక్కుని, కొంగు బిగించి, తూర్పుకి తిరిగి కూర్చుని ఒక్క గింజ పెట్టేది. పెట్టేటప్పుడు నోరు విప్పేది కాదు, పక్కన ఎవరైనా మాట్లాడినా ఊరుకునేది కాదు. ఆ తర్వాత ఇంటివాళ్లు మిగతావి పెట్టుకోవాలి. ప్రతిఫలం ఏమీ తీసుకోదు. తొలి కాపులో రెండు కాయలు తెచ్చి చేతికిస్తే చాలు.

చివరికి మా అమ్మే ఒక దారి చూసింది. "అత్తమ్మా, దొడ్లె జాగ జేస్తం. నువ్వొచ్చి నీ చేతులతోని పెట్టుకో, నీ కూర నువ్వే తిను" అని కబురు పంపింది. సరే, మొలిస్తే ఉంటా, లేకుంటే నా ఇల్లు నాకుంది అని తిరుగు కబురు వచ్చింది. మొలవకపోతే ఎలాగని మా నాయనకి భయం పట్టుకుంది. ఆ ఇంటికి అప్పటికే ఒక పక్క గోడ కూలింది. చుట్టూ మనుషుల్లేరు. తిరిగి వెళ్తే అక్కడ ఒక్కతే చస్తుందని ఆయన అమ్మతో అంటుంటే విన్నాను. 

ఇక మా ఇంట్లో పెంట పురాణం మొదలైంది. దొడ్లో ఒక మూల మా నాయన గడ్డపారతో గుంత తవ్వాడు. షిఫ్టు దిగివచ్చి, స్నానం కూడా చేయకుండా తవ్వేవాడు. గనిలో తవ్వింది చాలక ఇంటికొచ్చి కూడా తవ్వుడేనా అని లైనులో నవ్వారు. ఆ గుంతలోకి పోనిది లేదు. ఉల్లిపొట్టు, చింతపిప్పి, చేపల పొలుసు, మేకల ఎరువు, ఊడ్చిన చెత్త, తలదువ్విన చిక్కు వెంట్రుకలు. బియ్యం కడిగిన నీళ్లు, కుండ అడుగున మిగిలిన గంజి కూడా అందులోకే. వానాకాలం దాని మీద నుంచి గాలి ఇంట్లోకి వీస్తే మా తమ్ముడు ముక్కు మూసుకుని అన్నం తినేవాడు. ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో ముద్ద.

పేడ తేవడం మా ఇద్దరి పని. కాలనీలో ఆవులు ఎవరివో ఏమో, రోడ్ల మీద తిరుగుతుండేవి. పేడ కనిపించగానే దాని చుట్టూ పుల్లతో గీత గీస్తే అది మనదైపోయినట్టు. ఇది ఊరి చట్టం, కాలనీకి కూడా వచ్చింది. డబ్బా తెచ్చుకునే లోపల ఇంకో లైను పిల్లలు ఆ గీత చెరిపి తమ గీత గీసేవాళ్లు. మేమూ వాళ్లవి చెరిపి గీశాం. ఒకసారి మా తమ్ముడు ఆవు ఇంకా తోక ఎత్తకముందే దాని వెనక నేల మీద గీత గీసి కాపలా కూర్చున్నాడు. ఆవు నాలుగడుగులు ముందుకు నడిచి, ఎదుటి లైనువాళ్ల వాకిట్లో వేసింది. వాడు ఇంటికొచ్చి ఆవుని తిట్టిన తిట్లకి మా అమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది.

నాయనమ్మ వచ్చింది. ఒక ట్రంకుపెట్టె, ఒక చీర మూట. మూటలో విత్తనాలు. చిక్కుడు, బీర, ఆనపకాయ, గోంగూరని కొందరు పిలిచే పుంటికూర, బచ్చలి, వేటికవి గుడ్డముక్కల్లో ముడివేసి. దొడ్డి చూసింది. గుంతలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి వాసన చూసింది. "మాగింది" అంది. మా అమ్మ మొహం విప్పారింది. ఆ ఒక్క మాట కోసం మా అమ్మ నెలల తరబడి ఆ కంపు భరించింది.

మృగశిర కార్తెని మా వైపు మిరుగం అంటారు, ఆ వానలకి గింజలు పెట్టింది. అన్నీ మొలిచాయి. చిక్కుడు తీగ వెదురు తడిక పట్టుకుని గోడెక్కింది. బచ్చలి మురుగుకాలవ అంచున బలిసింది. ఆవిడ పొద్దున లేస్తూనే దొడ్లోకి వెళ్లేది, ఆకు ఆకు తిప్పి చూసేది. మా నాయన టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడని చూసేవాడు. మేం గెలిచామనే అనుకున్నాం.

చిక్కుడుకి పేను పట్టింది. ఏ ఊళ్లోనైనా చిక్కుడుకి పేను పడితే ఏం చేస్తారు, పొయ్యిలో బూడిద తీసి చల్లుతారు. పాదు మొదట్లో కూడా నాలుగు గుప్పిళ్లు పోస్తారు, కాయ గట్టిగా కాస్తుందని. నాయనమ్మ బతుకంతా చేసింది అదే. వంటింట్లో పొయ్యి ఉంది, పొయ్యి కింద ఎప్పుడు చూసినా బూడిద నిండుగా ఉంది. ఆవిడ రోజూ చేటతో తీసుకెళ్లి ఆకుల మీద, పాదుల్లో, గుంతలో చల్లుతూ పోయింది. ఇంత బూడిద వృథాగా కాలవలో పోస్తున్నారా అని మా అమ్మని కోప్పడింది కూడా. మా అమ్మా రైతు బిడ్డే. బూడిద తప్పని ఆవిడకి మాత్రం ఎందుకు తోస్తుంది?

ముందు ఆకుల అంచులు మాడాయి. తర్వాత పసుపు తిరిగాయి. పేను పోయింది, ఆకూ పోయింది. వాన కురిసి ఆగాక పాదుల్లో మన్ను సిమెంటులా బిగుసుకుంది. బీరపిందెలు వేలెడంత కూడా కాకుండానే రాలాయి. నాయనమ్మ ఇంకాస్త బూడిద వేసింది. ఏదైనా తెగులు తగిలితే మందు ఎక్కువ వేస్తాం కదా.

పుంటికూర కూడా వాడిపోయిన రోజు ఆవిడ దొడ్లోంచి లోపలికి వచ్చి, చేతులు కడుక్కోకుండా కూర్చుంది. ఆ చేతులనే చూసుకుంటూ, "నా చెయ్యి పోయింది" అంది. ఎవరితోనూ కాదు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ట్రంకుపెట్టె సర్దడం మొదలుపెట్టింది.

మా నాయన ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాడు. "గింజలు పోతే పోయినయ్ అమ్మా, మల్ల పెడుదువు గని."

"ఏం పెట్టాల్రా? భూమి ఇడిచిపెట్టి వచ్చిన. చెయ్యి దానెంబడే పోయింది. నన్ను ఆడ దింపిరా."

వాన తెరిపి ఇచ్చాక దింపుతానని ఆయన రోజులు నెట్టుకొచ్చాడు.  ఆ ట్రంకుపెట్టె గుమ్మం పక్కనే ఉండేది. బడి నుంచి వస్తూనే అది ఇంకా అక్కడే ఉందో లేదో చూసేదాన్ని.

కనిపెట్టింది మా అమ్మ. స్నానాల గది పక్కన, నీళ్ల పొయ్యి దగ్గర ఎప్పుడో ఉమ్మేసిన టమాటా గింజ ఒకటి తనంతట తాను మొలిచి ఉంది. దాని మీదా బూడిదే. నీళ్ల పొయ్యి కింది బూడిద అక్కడే కుప్పగా పోసేవాళ్లం. ఆ చెట్టేమో నిగనిగలాడుతూ పూతకొచ్చింది. మా అమ్మ దాని ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత రెండు చేతుల్లో రెండు బూడిదలు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "చూడు పిల్లా" అంది. ఒకటి మెత్తగా, తెల్లగా, పిండిలా ఉంది. ఇంకోటి గరుకుగా, ఎర్రమట్టి రంగులో, గవ్వంత గవ్వంత ఉండలతో ఉంది. ఒకటి కట్టెది. ఒకటి బొగ్గుది. ఇన్నాళ్లుగా మా కళ్లకి రెండూ బూడిదే.

వెళ్లి అత్తగారికి చూపించింది. "నీ చెయ్యి గాదత్తమ్మా. బొగ్గు బూడిదది."

నాయనమ్మ చూసింది. "బూడిద బూడిదే గదనే. పెండ్లయి వచ్చిన కాడికెల్లి ఏస్తున్న. నా మనసు కుదుట పెట్టనీకి చెప్తున్నవ్, నాకు తెల్వదా" అని పక్కకి తిరిగి పడుకుంది.

అయినా మా అమ్మ ఆగలేదు. అమ్మా, నాయనా కలిసి పాదుల్లో పైమన్నంతా గీకి, తట్టలతో కాలనీ అవతల పోసి వచ్చారు. నాయన సైకిల్ మీద అడవి అంచు నుంచి గోనెసంచుల్లో నల్లమట్టి తెచ్చాడు. మద్దిచెట్ల కింద ఏళ్ల తరబడి ఆకు రాలి కుళ్లిన మట్టి. షిఫ్టుకి ముందు ఒక సంచి, షిఫ్టు దిగాక ఒక సంచి. ఆయన కళ్లు గుంటలు పడ్డాయి. ఆ మట్టిలో చెయ్యి పెడితే చల్లగా ఉండేది, వానపాములు మెలికలు తిరిగేవి. మన్ను సిద్ధమైంది. పెట్టేవాళ్లు లేరు. నాయనమ్మ దొడ్డి వైపు చూడటమే మానేసింది.

అప్పుడు మా అమ్మ పక్క క్వార్టర్ ఖాలా దగ్గరికి వెళ్లింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మేం పిల్లలం అలాగే పిలిచేవాళ్లం. వాళ్లాయన బజార్లో దర్జీ, ఆమె తమ్ముడికి గనిలో ఉద్యోగం, అందరూ ఆ క్వార్టర్లోనే ఉండేవాళ్లు. ఖాలాకి దొడ్డి మీద ఆశ లేదు. గోడ మీద నూనెడబ్బాలు పేర్చి పుదీనా పెంచేది. ఇద్దరూ గోడకి ఇటూ అటూ నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. సాయంత్రం ఖాలా డబ్బా ఒకటి చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అమ్మా, మీ చేతులతోని జర కొత్తిమీర ఎయ్యుండ్రి. నేనెప్పుడేసినా మొలుస్తలేదు" అంది నాయనమ్మతో.

"నా చెయ్యి పాడైంది బిడ్డా. నీయి గూడ సావాల్నా?"

"సస్తె సావనియ్యుండ్రి. ఇప్పుడు మాత్రం బతుకుతున్నయా ఏంది."

 నాయనమ్మ లేచి కాళ్లు కడుక్కుంది. ధనియాలు అరచేతిలో పోసుకుని, రెండో అరచేత్తో నలిపి పప్పులు చేసింది. నోరు విప్పకుండా ఒక్క గింజ పెట్టి, మిగతావి ఖాలా చేతిలో పోసింది.  మా తమ్ముడు ఏదో అనబోతే నేను వాడి తొడ మీద గిల్లాను.

కొత్తిమీర మొలవడానికి ఎంత తాత్సారం చేస్తుందో ఆ రోజుల్లోనే నాకు తెలిసింది. మా అమ్మ ఉప్పుకని, అగ్గిపెట్టెకని, ఊరికేనని ఖాలా ఇంటికి వెళ్లి ఆ డబ్బాలో తొంగిచూసి వచ్చేది. వచ్చేటప్పుడు ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయేది. నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఒక డబ్బాలో నాలుగు ధనియాలు మొలిపించడం ఆయనకి పెద్ద పనా అనిపించింది.

ఒక పొద్దున ఖాలా గోడ మీద నుంచే పిలిచింది. "అమ్మా, వచ్చి జూడుండ్రి."

నాయనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది. మేం వెనకే వెళ్లాం. డబ్బా నిండా సన్నగా, లేతగా, తలల మీద మట్టి రేణువులు మోస్తూ లేచి ఉన్నాయి. ఆవిడ వేలితో ఒకదాన్ని తాకింది.  ఇంటికొచ్చి, "ఆ చిక్కుడు గింజల ముడి యాడ పెట్టినవే?" అని మా అమ్మని అడిగింది. మా అమ్మ వంటింట్లోకి వెళ్లి, ముడి తీసుకురావడానికి చాలా ఆలస్యం చేసింది.

ట్రంకుపెట్టె మంచం కిందికి పోయింది. ఆవిడ ఇక ఊరి పేరు ఎత్తలేదు. ఆ ఏడు చిక్కుడు ఎంత కాసిందంటే బడికి క్యారేజీలో అదే, రాత్రికి అదే, చుట్టాలొస్తే అదే. చిక్కుడుకాయ అంటే మా తమ్ముడికి ఇప్పటికీ పడదు. లైనులో మాట పాకింది. వానలు పడగానే ఆడవాళ్లు వచ్చి, మా ఇంట్ల గింజ పెట్టమ్మా అని తీసుకెళ్లేవాళ్లు. కుండపెంకుల్లో, పగిలిన బకెట్లలో, పాత టైర్లలో, ఆవిడ ఒక్కో గింజ పెట్టి వచ్చేది. లైనంతా గోడలు ఆకుపచ్చగా ఉండేవి. ఎవరింట్లో తొలి కాయ తెంపినా ముందు మా గుమ్మానికి వచ్చేది.

మా అమ్మ మాత్రం ఆవిడని వేధించడం మానలేదు. "చెయ్యి ఏం లేదత్తమ్మా, అంత బూడిదలనే ఉంది" అనేది. "అవ్, నీకే తెల్సు" అనేది నాయనమ్మ. ఏళ్ల తరబడి ఇద్దరికీ అదే మాట, అదే జవాబు. లైనులో కొత్తగా ఎవరు వచ్చినా మా అమ్మ రెండు బూడిదలూ చూపించి పాఠం చెప్పేది. చేతిలో ఏమీ ఉండదు, మన్నులో ఉంటుంది అనేది.

నాయనమ్మ ఒక చలికాలం పోయింది. జబ్బు అని పెద్దగా లేదు, అలిసిపోయింది. నాకిప్పుడు ఆ వయసు వచ్చింది కనుక ఆ అలసట ఎలాంటిదో తెలుసు. ఏదీ నొప్పి పెట్టదు, అన్నీ బరువుగా ఉంటాయి. దొడ్లో ఎండకి మంచం వేయించుకుని, పాదుల వైపు తిరిగి పడుకునేది. అలాగే పోయింది.

మళ్లీ మిరుగం వచ్చింది. వాన వెలిసిన పొద్దున లైనులో ఆడవాళ్లు మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఖాలా ముందుంది. "అమ్మ లేదాయె. ఇగ నువ్వే పెట్టాలె అక్కా, కోడలివి గదా" అంది.

మా అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. "నాతోని గాదు" అంది.

"చేతుల ఏం లేదని నువ్వే అంటివి గదా ఇన్నొద్దులు?"

మా అమ్మ గుమ్మంలోకి వెనక్కి జరిగింది. "మీ గింజలు మీరే పెట్టుకోండ్రి. నాది ఎసొంటి చెయ్యో నాకు తెల్వదు. మీయి పాడైతే నేను సూడలేను" అని లోపలికి వచ్చేసింది. అంత భయం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఏడు ఎవరి గింజ వాళ్లే పెట్టుకున్నారు. మా దొడ్లో నేనూ తమ్ముడూ పెట్టాం, మధ్యమధ్యలో పోట్లాడుకుంటూ, నోరు మూసుకోకుండా.

వారం తిరక్కుండా లైనంతా మొలకలే. టైర్లలో, బకెట్లలో, కుండపెంకుల్లో, మా పాదుల్లో. ఏటా మొలిచినట్టే ఆ ఏడూ మొలిచాయి. నేను సంబరంగా వెళ్లి మా అమ్మని దొడ్లోకి లాక్కొచ్చాను. ఆవిడ ఒక్కో పాదు దగ్గరా వంగి చూసింది. గోడ మీద నుంచి ఖాలా వాళ్లవీ చూసింది. చూసి, బట్టలుతికే బండ మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏందమ్మా, అన్నీ మంచిగనే మొలిచినయ్ గదా అని విసుక్కున్నాను.

"అవ్ బిడ్డా" అంది మా అమ్మ. "ఆమె లేకున్నా మొలిచినయ్."